రోగిశయ్యయు పరీక్షామందిరమును

ఒక మనిషి ప్రాణము మఱియొక మనిషి చేతిలో నుంచబడునప్పుడు, ఆ చేతికి తగిన నేర్పు కలదో లేదో తెలిసికొనుట సంఘమునకు గల హక్కు. వైద్యుని విషయమున నీ హక్కును మనము చాలకాలము క్రిందటనే గుర్తించితిమి. పట్టా లేని వైద్యుని నమ్మరాదని పల్లెటూరి రైతునకును తెలియును. కాని ఆసుపత్రిలో వైద్యుడు రోగియొద్ద నిలుచునది దినమునకు కొన్ని నిమిషములు మాత్రమే. తక్కిన కాలమంతయు రోగి నర్సు రక్షణలోనే యుండును. వేళకు మందిచ్చునది నర్సు. నాడి చూచునది నర్సు. అర్ధరాత్రమున ఊపిరి మాఱుటను కనిపెట్టి వైద్యుని పిలుచునది నర్సు. ఆమెకు తగిన విద్య కలదో లేదో పరీక్షించువా రెవరు? ఆ పరీక్ష యెట్టిది? దానికి మన బిడ్డలు సిద్ధపడవలసిన విధ మేమి? ఈ ప్రశ్నలు నేడు ఎన్నియో తెలుగు కుటుంబములకు సొంత ప్రశ్నలైనవి.

ఇంటర్మీడియటు ముగించిన బాలికలును, కొలది సంఖ్యలో బాలురును, ఏటేట నర్సింగు పాఠశాలలలో చేరుచున్నారు. వారిలో కొందఱు స్వదేశమందే కుదురుకొందురు. కొందఱు అమెరికా, ఇంగ్లండు, జర్మనీ, గల్ఫు దేశములకు పోగోరుదురు. ఆ దేశములలో ప్రతిదానికిని తన లైసెన్సు నియమములు తనకు గలవు. ఇచ్చటి తల్లిదండ్రులలో పెక్కుమంది నర్సు విద్య వేఱు, లైసెన్సు పరీక్ష వేఱు అని తలంతురు. నాలుగేండ్లు ఎట్లో గడచి పట్టా చేతికి వచ్చిన పిమ్మట, నగరములోని యేదో శిక్షణాలయమున మూడు నెలలు కూర్చున్నచో పరీక్ష గట్టెక్కవచ్చునని వారి యభిప్రాయము. ఈ యభిప్రాయము తప్పనియు, దీనివలన ధనమును కాలమును మాత్రమే గాక రోగుల క్షేమమును చెడుననియు మేము తలంచుచున్నాము. అందులకు కారణములను విన్నవించుచున్నాము.

పాత వివాదము

ఫ్లారెన్సు నైటింగేలు 1860వ సంవత్సరమున లండనులోని సెయింటు థామసు ఆసుపత్రికి చేర్చి నర్సుల పాఠశాలను స్థాపించినది. రోగిసేవ యనునది పనిమనుషుల ఊడిగము కాదనియు, నేర్చుకొనవలసిన విద్య యనియు లోకమునకు చాటినది ఆమెయే. అట్టి నైటింగేలు, నర్సులకు ప్రభుత్వము పట్టిక నొకటి నడిపి, అందు పేరున్నవారినే నర్సులుగా గుర్తింపవలెనను ప్రతిపాదన వచ్చినప్పుడు గట్టిగా వ్యతిరేకించినది. ఆ ప్రతిపాదనకు నాయకురాలు ఎథెలు బెడ్‌ఫర్డు ఫెన్విక్కు. ఆమె 1887లో బ్రిటిషు నర్సుల సంఘమును నెలకొల్పి, ముప్పదియేండ్లకు పైగా పోరాడినది.

నైటింగేలు వాద మిది: మంచి నర్సుకు కావలసిన ఓర్పు, మెలకువ, నిజాయితీ వ్రాతపరీక్షకు దొరకునవి కావు, పరీక్షలో నెగ్గిన పేరు పట్టికలో చూచి ప్రజలు మోసపోవుదురు. ఫెన్విక్కు వాద మిది: పట్టికయు పరీక్షయు లేనిచో, శిక్షణ పొందిన నర్సు ఎవరో, వేషధారిణి ఎవరో రోగికి తెలియు మార్గమే లేదు. నైటింగేలు 1910లో మరణించినది. 1919లో ఇంగ్లండున నర్సుల రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. 1921లో తెఱచిన పట్టికలో మొదటి పేరు ఫెన్విక్కుదే. ఇంగ్లండుకంటె ముందే న్యూజీలాండు 1901లోను, అమెరికాయందు ఉత్తర కరోలినా రాష్ట్రము 1903లోను ఇట్టి చట్టములను చేసియుండెను.

చట్టమున గెలిచినది ఫెన్విక్కు. కాని నైటింగేలు లేవదీసిన సందేహము నేటికిని తీఱలేదు. ఈ సందేహము మన దేశమునకు క్రొత్తది కాదు. చరక సంహితయందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవి ఆ నాలుగు. అందు పరిచారకునకు మరల నాలుగు గుణములు విధింపబడినవి. ఉపచారము తెలిసియుండుట, పనియందు దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము అనునవి ఆ గుణములు. వీనిలో మొదటి రెంటిని పరీక్షింపవచ్చును. అనురాగమును ఏ ప్రశ్నపత్రము కొలువగలదు? ఎవరును చూడని వేళ చేతులు కడుగుకొను శుచిత్వమును ఏ పరీక్షాధికారి చూడగలడు? కాబట్టి పరీక్ష అవసరమే, పరీక్ష చాలదు. ఈ రెండు మాటలను జతగా మనసున నుంచుకొన్నవారికే నర్సు విద్యయొక్క స్వరూపము తెలియును.

మన దేశమున

దక్షిణదేశమున నర్సుల శిక్షణ 1871లో మద్రాసు జనరలు ఆసుపత్రిలో ఆరంభమైనది. తెలుగు జిల్లాలు కూడిన మద్రాసు రాజధానికి 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చినది. దేశమంతటికిని శిక్షణా ప్రమాణములను నిర్ణయించుటకై ఇండియను నర్సింగు కౌన్సిలు చట్టము 1947లో చేయబడినది. దానికి ముందటి యేట, అనగా 1946లో, భోరు సంఘము తన నివేదికను సమర్పించినది. బ్రిటిషిండియాలో నర్సులు 7,000 మంది మాత్రమే కలరనియు, సుమారు 43,000 మంది ప్రజలకు ఒక నర్సు చొప్పున పడుచున్నదనియు అందు చెప్పబడినది. ఆ 1946లోనే ఢిల్లీయందును వెల్లూరునందును నర్సింగులో డిగ్రీ విద్య ప్రారంభమైనది. ఆనాటి లేమికిని నేటి విస్తరణకును పోలికయే లేదు. 2023లో పార్లమెంటు పాత చట్టమునకు బదులుగా జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టమును చేసినది.

నేడు ముఖ్యమైన మార్గములు రెండు. జి.యన్.యం. అను డిప్లొమా మూడేండ్లది. బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లది. 2021లో సవరించిన పాఠ్యక్రమము ప్రకారము ఈ నాలుగేండ్లును 8 సెమిస్టర్లుగా నడుచుచున్నవి. మొదట శరీరనిర్మాణము, శరీరధర్మములు, సూక్ష్మజీవులు, ఆహారము. పిదప మందుల శాస్త్రము, సామాన్య రోగములు, శస్త్రచికిత్సలు. ఆపైని శిశుసంరక్షణము, మానసిక రోగములు, ప్రసూతి, గ్రామారోగ్యము. పాఠములతోపాటు వార్డులలో పని యుండును. తరగతి పాఠములకు నూటికి 80 పాళ్ల హాజరు చాలును. కాని పట్టా పొందుటకు ముందు వార్డు పనికి నూటికి నూఱు పాళ్ల హాజరు పూర్తిచేయవలెను. ఈ నియమమునందే ఈ విద్యయొక్క మర్మమున్నది. పాఠమున కొన్నింటిని విడువవచ్చును గాని, రోగియొద్ద ఏదియు విడువరాదు.

విశ్వవిద్యాలయ పరీక్షలలో నెగ్గిన పిదప ఆంధ్రప్రదేశమునగాని తెలంగాణమునగాని రాష్ట్ర కౌన్సిలునందు పేరు నమోదు చేయించుకొన్నచో నర్సుగా పనిచేయవచ్చును. ఇందులకు వేఱుగ లైసెన్సు పరీక్ష మన దేశమున లేదు. అందుచేత మన విద్యార్థిని మొట్టమొదట లైసెన్సు పరీక్షను ఎదుర్కొనునది విదేశముకొఱకే. అందు ప్రసిద్ధమైనది అమెరికా పరీక్ష.

అమెరికా పరీక్ష

ఇంగ్లీషు పొడియక్షరములతో దీనిని ఎన్‌క్లెక్సు అందురు. పూర్వము అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క పరీక్షను నడిపెడిది. 1944 మొదలుకొని రాష్ట్రములు ఉమ్మడి ప్రశ్నలను వాడసాగినవి. 1982లో నేటి పేరు వచ్చినది. 1994లో కాగితమును విడిచి కంప్యూటరుపై నడుపసాగిరి. 2023 ఏప్రిలునుండి ప్రశ్నల తీరునే మార్చిరి. కెనడాలో పెక్కు రాష్ట్రములు 2015నుండి ఈ పరీక్షనే స్వీకరించినవి. మనవారు దీనికై సముద్రము దాటనక్కఱలేదు, హైదరాబాదులోనే వ్రాయవచ్చును. మొదట తమ విద్యాపత్రములను అమెరికా సంస్థచే పరిశీలింపజేసి, ఏదేని యొక రాష్ట్రపు నర్సింగు బోర్డునకు దరఖాస్తు పెట్టి, అనుమతి పొందవలెను. పరీక్ష రుసుము 200 డాలర్లు. అమెరికాకు వెలుపల వ్రాయువారు మఱి 150 డాలర్లు చెల్లింపవలెను.

ఈ పరీక్ష నడుచు విధము మన విశ్వవిద్యాలయ పరీక్షలవంటిది కాదు. అందఱికిని ఒకే ప్రశ్నపత్ర ముండదు. అభ్యర్థిని ఒక ప్రశ్నకు సరిగా ఉత్తరమిచ్చినచో కంప్యూటరు అంతకంటె కఠినమైన ప్రశ్న నిచ్చును. తప్పినచో కొంత సులభమైనదాని నిచ్చును. ఇట్లు ఆమె శక్తి యే మెట్టున నున్నదో క్రమక్రమముగా కనిపెట్టును. ప్రశ్నలు కనిష్ఠము 85, గరిష్ఠము 150. కాలము అయిదు గంటలు. ఆమె శక్తి నియమితమైన గీతకు పైని గలదో క్రింద గలదో నూటికి 95 పాళ్లు నిశ్చయము కాగానే కంప్యూటరు ఆగిపోవును. ఇచ్చిన ఉత్తరమును మరల దిద్దుకొను వీలు లేదు; ప్రశ్నను దాటిపోవు వీలును లేదు.

ఈ పద్ధతి తెలియకపోవుటచే విద్యార్థినులు వృథాగా భయపడుదురు. మన పరీక్షలలో ప్రశ్నలు కఠినముగ తోచిన తప్పితిమనుకొందుము. ఇచ్చట ప్రశ్నలు కఠినమగుట మంచి శకునమే కావచ్చును. చక్కగా చదివినవారికిని సగము ప్రశ్నలు సందేహముగనే తోచును. పరీక్షయొక్క నిర్మాణమే అట్టిది. 85వ ప్రశ్నకు ఆగినచో నెగ్గినట్లని చెప్పుకొను మాటయు నిజము కాదు. నెగ్గినవారికిని తప్పినవారికిని అచ్చటనే ఆగవచ్చును. తప్పినవారు 45 దినములు గడచిన పిమ్మట మరల వ్రాయవచ్చును.

2023లో వచ్చిన మార్పు మిక్కిలి ముఖ్యమైనది. ఒక రోగి కథను ముందుంచి, ఆ కథపై వరుసగా ఆఱు ప్రశ్నలు వేయుదురు. రోగియందు కనబడు చిహ్నములలో గమనింపదగిన వేవి? వాని అర్థమేమి? కారణములలో ముందుగా శంకింపదగిన దేది? చేయదగిన పను లేవి? ఇప్పుడు చేయవలసిన దేది? చేసిన పిదప రోగి కుదుటపడినట్లు తెలియుట యెట్లు? అనుభవముగల నర్సు రోగి ప్రక్కను నిలిచి ఒక్క నిమిషములో చేయు ఆలోచనను ఆఱు మెట్లుగా విడదీసి పరీక్షించుటయే ఇది. నైటింగేలు లేవదీసిన సందేహమునకు పరీక్షాకర్తలు చెప్పిన సమాధానముగా దీనిని గ్రహింపవచ్చును. ఇంగ్లండువారు మఱియొక సమాధానము చెప్పిరి. అచ్చట కంప్యూటరు పరీక్ష మాత్రము చాలదు. పిమ్మట ఆ దేశమునకు పోయి, పరీక్షకుల యెదుట పనులను చేసి చూపవలెను. జర్మనీయందు ముందుగా ఆ దేశభాష నేర్వవలెను. పిదప జ్ఞానపరీక్షనైనను, ఆసుపత్రిలో సర్దుబాటు శిక్షణనైనను ముగింపవలెను.

కంఠపాఠము ఏల చాలదు?

ఒక ప్రశ్న నుదాహరింతుము. వార్డులో నలుగురు రోగులు. ఒకడు మధుమేహరోగి, భోజన మాలస్యమైనదని విసుగుకొనుచున్నాడు. ఒకడు నిన్న శస్త్రచికిత్స చేయించుకొన్నవాడు, కట్టుపైని కొంచెము రక్తపు మరక యున్నది. ఒకడు తొడయెముక విఱిగి పండుకొన్నవాడు, ఇంతకుముందు నెమ్మదిగా నుండి ఇప్పుడు అకస్మాత్తుగా కలవరపడుచు, ఊపిరి యాడుటలేదనుచున్నాడు. ఒకడు నొప్పిమందుకై కేకలు వేయుచున్నాడు. నర్సు ముందుగా ఎవరియొద్దకు పోవలెను?

కేకలు వేయువానియొద్దకు పోవుట మనుష్యస్వభావము. కాని పోవలసినది మూడవవానియొద్దకు. పెద్దయెముక విఱిగినప్పుడు క్రొవ్వు కణములుగాని, గడ్డకట్టిన రక్తముగాని ఊపిరితిత్తుల నాళములలో చిక్కుకొనవచ్చును. కలవరము ప్రాణవాయువు తగ్గుచున్నదనుటకు మొదటి గుఱుతు కావచ్చును. ఈ ఉత్తరము ఏ పుస్తకములోను ఈ రూపమున వ్రాసియుండదు. యెముకల పాఠమును, రక్తప్రసరణపు పాఠమును, శ్వాసపు పాఠమును వేఱువేఱుగ కంఠస్థము చేసినవారు ఇచ్చట తడబడుదురు. మూడింటిని ఒక రోగియందు కలిపి చూచినవారే చెప్పగలరు.

మన పాఠశాలలలో తఱచుగ జరుగుచున్నదేమి? పాత ప్రశ్నపత్రములను చూచి, రానున్న ప్రశ్నలను ఊహించి, ఉత్తరములను వల్లెవేయుట. నిర్వచనము వ్రాయుము, కారణములు వ్రాయుము, లక్షణములు వ్రాయుము అను పరీక్షలకు ఇది చాలును. అందుచేతనే ఇచ్చట ప్రథమశ్రేణిలో నెగ్గినవారు సయితము అమెరికా పరీక్షలో తప్పుట గలదు. 2023లో ఆ దేశముననే చదివి మొదటిసారి వ్రాసినవారిలో నూటికి సుమారు 88 మంది నెగ్గిరి. ఇతర దేశములలో చదివినవారిలో నెగ్గినవారి పాలు చాల తక్కువ. ఆ వ్యత్యాసమునకు బుద్ధిలోపము కారణము కాదు. భాష కొంత కారణము. చదివిన పద్ధతి అంతకంటె పెద్ద కారణమని మాకు తోచుచున్నది.

నకిలీ పట్టాల కథ

ఇందులకు ఎదురైన మఱియొక సంగతి గలదు. 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వాధికారులు ఫ్లారిడా రాష్ట్రమందలి నకిలీ పట్టాల వ్యాపారమును బయటపెట్టిరి. ఆ పరిశోధనకు నైటింగేలు పేరే పెట్టిరి. మూడు నర్సింగు పాఠశాలల పేర 7,600కు మించిన దొంగపట్టాలు అమ్ముడుపోయినట్లు తేలినది. కొన్నవారు శిక్షణ లేకయే లైసెన్సు పరీక్షకు కూర్చుండిరి. వారిలో సుమారు 2,400 మంది నెగ్గిరి!

ఈ సంఖ్యను పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. శిక్షణ లేని యభ్యర్థులలో పెక్కుమందిని పరీక్ష తప్పించినది. కావున ఫెన్విక్కు మాట నిజము. కాని ఇంచుమించు మూడవవంతు మంది జాలరంధ్రములలోనుండి జారిపోయిరి. కావున నైటింగేలు మాటయు నిజము. వార్డులో నిలిచి నేర్వని నర్సు లైసెన్సు చేతబట్టుకొని ఐ.సి.యు.లో అడుగుపెట్టినచో, అందలి రోగికి ఆ లైసెన్సు ఏ రక్షణ?

మన ప్రాంతములందును ఈ విషయమున మెలకువ యవసరము. నర్సింగు కళాశాలకు 100 పడకల సొంత ఆసుపత్రి యుండవలెనని కౌన్సిలు నియమము. కట్టడము చూచి, బస్సు చూచి, బిడ్డను చేర్చు తండ్రి, ఆ పడకలపై రోగు లున్నారో లేదో చూచుచున్నాడా? హాజరుపుస్తకమున వార్డుపని నిండియుండి, విద్యార్థిని వార్డును చూడకయే పట్టా పుచ్చుకొన్నచో, అదియు ఫ్లారిడా పట్టాకు చెల్లెలే. మోసము పేరు వేఱైనను ఫల మొక్కటియే.

విద్యార్థినులకు

కాబట్టి లైసెన్సు పరీక్షకు సిద్ధపడుట మొదటి సంవత్సరముననే ఆరంభింపవలెను. శరీరధర్మ శాస్త్రమును వదిలించుకొనవలసిన బరువుగా చూడక పునాదిగా చూడవలెను. గుండె బలహీనమైనవానికి కాళ్లు వాచుట యేల? మూత్రపిండములు చెడినవానికి పొటాషియము పెరుగుట యేల? ఈ 'ఏల' యను ప్రశ్నకు తన మాటలలో ఉత్తరము చెప్పగలిగిన విద్యార్థినికి తక్కిన మూడేండ్ల పాఠములును తేలికయగును.

రెండవది, వార్డులో చూచిన రోగులలో దినమునకు ఒక్కరినిగూర్చియైనను ఒక పుట వ్రాసికొనవలెను. రోగి యేమి చెప్పినాడు, నేనేమి చూచితిని, ఏ మందు లిచ్చిరి, ఏల యిచ్చిరి, ఏది కీడగునని జాగ్రత్తపడవలెను, అను అయిదు సంగతులు చాలును. నాలుగేండ్లలో ఇట్టి పుటలు కొన్ని వందలగును. అమెరికా పరీక్షలోని రోగి కథలు అట్టి పుటలే. వీనిని వ్రాసిన విద్యార్థినికి ఆ పరీక్ష పరిచితమైన ముఖమువలె తోచును.

మూడవది, మందులను ఒక్కొక్కటిగా గాక గుంపులుగా చదువవలెను. పేరు చివర 'లాల్' అని ముగియు మెటోప్రొలాల్, అటెనొలాల్ మొదలగునవి గుండె వేగమును తగ్గించును. కావున ఇచ్చుటకు ముందు నాడి చూడవలెను. 'ప్రిల్' అని ముగియు ఎనలాప్రిల్ మొదలగునవి రక్తపుపోటును తగ్గించును, పొడిదగ్గు రావచ్చును, పొటాషియము పెరుగవచ్చును. డిగాక్సిను ఇచ్చుటకు ముందు ఒక నిండు నిమిషము గుండెచప్పుడు లెక్కింపవలెను. పెద్దవారికి 60కి తక్కువైనచో మందు నాపి వైద్యునికి తెలుపవలెను. పొటాషియము క్లోరైడును నీటితో పలుచన చేయక సూటిగా రక్తనాళములోని కెక్కించిన గుండె నిలిచిపోవును. ఇవి మార్కుల సంగతులు కావు, ప్రాణముల సంగతులు.

నాలుగవది, లెక్కలు. 1000 మిల్లీలీటర్ల సెలైనును 8 గంటలలో ఎక్కింపవలెను. గొట్టము మిల్లీలీటరునకు 20 చుక్కలు విడుచునది. నిమిషమునకు ఎన్ని చుక్కలు? వేయిని ఇరువదిచే హెచ్చవేసి, 480 నిమిషములచే భాగించిన సుమారు 42. ఇట్టి లెక్కను అలవాటుగ చేయువారికి ఒక నిమిషము పట్టదు. లెక్కలకు భయపడి చదువును నర్సింగువైపు త్రిప్పుకొన్న విద్యార్థినులు గలరు. వారు తెలిసికొనవలసినదేమనగా, ఇచ్చట దశాంశబిందువు ఒక చోటు జరిగిన మందు పదింతలగును.

చదువు ముగిసిన పిదప ప్రశ్నల యభ్యాసము కావలసినదే. కాని ఎన్ని ప్రశ్నలు చేసితిమని లెక్కించుటకంటె, ప్రతి ప్రశ్నకును ఒక ఉత్తరము ఏల సరియైనదో, తక్కినవి ఏల కావో విచారించుట ముఖ్యము. ఇట్లు చేసిన ఇరువది ప్రశ్నలు, పరుగున చేసిన నూటికంటె మేలు. మఱియు పట్టా వచ్చిన పిదప పరీక్ష వ్రాయుటకు ఆలస్యము చేయరాదు. ఆలస్యము పెరిగినకొలది నెగ్గువారి సంఖ్య తగ్గుచున్నదని ఆ పరీక్షను నడుపువారే గుర్తించియున్నారు. పరీక్ష ముందటి రాత్రి మేలుకొని చదువుట వలన లాభము లేదు. అయిదు గంటలు తెలివిగా ఆలోచింపవలసిన మనసునకు నిద్రయే మందు.

తల్లిదండ్రులకు

ఈ విద్య కష్టమైనది. పదునెనిమిదేండ్ల పిల్ల మొదటిసారి మరణమును చూచునది వార్డులోనే. పుండు కడుగుట, మలమూత్రములను ఎత్తుట, రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి తరగతికి పోవుట ఆమెకు తప్పవు. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డను 'ఈ పని మనకేల' అని బంధువులు ఈసడించినచో, ఆమె తిరిగి పోవునది సగము మనసుతో. మలయాళదేశమునుండి వెడలిన నర్సులు ప్రపంచమంతట పేరు గడించిరి. అచ్చటి కుటుంబములు ఆ వృత్తిని గౌరవముగా గ్రహించుట అందులకు ముఖ్యకారణములలో నొకటి. మన ఇండ్లలో రోగము వచ్చినప్పుడు నర్సును తల్లీ యని పిలిచి, రోగము తీఱిన పిదప ఆమె వృత్తిని తక్కువగా మాటలాడుట న్యాయము కాదు.

నాలుగవ యేట, పరీక్షలు దగ్గఱపడిన సమయమున, పెండ్లిచూపులకని పిల్లను మాటిమాటికి ఇంటికి రప్పించుట పెక్కు కుటుంబములలో గలదు. పొలముపని నెరవేరువఱకు ఎడ్లను సంతకు తోలని రైతు, బిడ్డ చదువు విషయమున ఆపాటి యోపిక చూపలేడా? ఆఱునెలలు ఆగిన సంబంధము తప్పిపోదు. తప్పిపోయినను అట్టి సంబంధమువలన నష్టము లేదు.

మఱియొక హెచ్చరిక. పరీక్ష తామే నెగ్గింతుమనియు, విదేశోద్యోగము తమ చేతిలోనే యున్నదనియు చెప్పు దళారులు పట్టణములలో బయలుదేరినారు. లక్షలు ముందుగా పుచ్చుకొందురు; అసలు సర్టిఫికెట్లను తమయొద్ద నుంచుకొందురు; చదువరాని ఒప్పందములపై సంతకములు చేయింతురు. అమెరికా పరీక్షను నెగ్గింపగల దళారి ప్రపంచమున లేడు. దరఖాస్తు రుసుములు బహిరంగముగ ప్రకటింపబడినవే. ఎకరము భూమి అమ్మి వీరి చేతిలో పోయుటకు ముందు, ఆ ప్రకటనను బిడ్డచే చదివించుకొనుడు. అసలు పట్టాను ఎవరి చేతికిని ఇయ్యకుడు. అప్పటికిని సందేహమున్నచో, ఆ దేశమున ఇదివఱకే పనిచేయుచున్న నర్సు నొకరిని విచారించుడు.

విదేశమునకు పోవుట మేలా, ఇచ్చటనే యుండుట మేలా అనునది ఆ విద్యార్థినియే నిర్ణయింపవలసిన విషయము. కాని ఇచ్చటి జిల్లా ఆసుపత్రిలోని రోగి ప్రాణము అమెరికా రోగి ప్రాణముకంటె తక్కువ వెలగలది కాదు. ఆ దేశమువారు తమ రోగులకొఱకు ఇంత జాగ్రత్తతో పరీక్షించుచుండగా, మన రోగులకొఱకు మనము ఆపాటి పరీక్షయైనను కోరకుండుట యేల? 2023 చట్టముక్రింది కమిషను ఈ విషయమును తలపెట్టవలసి యున్నది. ఆలోచనాశక్తిని కొలుచు పరీక్షను ఇచ్చటనే పెట్టినచో పాఠశాలల బోధనయు మాఱును. కంఠపాఠమునకు మార్కు లిచ్చినంతకాలము పాఠశాలలు కంఠపాఠమునే బోధించును.

అంతవఱకు కర్తవ్యము కుటుంబములదియు విద్యార్థినులదియు. పాఠశాలను ఎన్నుకొనునప్పుడు పడకలను చూడుడు, రోగులను చూడుడు, వార్డులో విద్యార్థినుల ప్రక్కను నిలిచి నేర్పు ఉపాధ్యాయిని కలదో లేదో విచారించుడు. పరీక్షామందిరమున అయిదు గంటలలో తేలునది, రోగిశయ్యయొద్ద నాలుగేండ్లలో సంపాదించుకొన్న విద్యయే. ఆ విద్య లేక వచ్చిన లైసెన్సు రోగికి మోసము, పొందినవారికి భారము. ఆ విద్య గలవారికి లైసెన్సు ఈ యేడు కాకున్న మఱుయేడైనను రాకపోదు.